ఇద్దరూ వస్తేనే తలుపు

"ఉడాయించారమ్మా మీ నాన్నగారు. ఇక వెతకాల్సింది రైల్వేస్టేషన్లలో, విమానాశ్రయంలో. ఈ గదుల్లో కాదు."

ఇన్‌స్పెక్టర్ ఈ మాట జడ్జిగారి కుర్చీలోనే కూర్చుని, కాలు మీద కాలేసుకుని అన్నాడు. ఎదురుగా నిలబడ్డ డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. ఆమె జడ్జిగారి ఒక్కగానొక్క కూతురు, కళ్ల డాక్టరు. పొరుగూళ్లో కంటి శిబిరం ముగించుకుని పొద్దున్నే ఇంటికొచ్చేసరికి తండ్రి లేడు, ఆయన పక్క నలగలేదు. వేసుకున్న తెల్లకోటు కూడా విప్పకుండా ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. దారిలోనే నాకు ఫోన్ చేసింది.

"మా నాన్న వీధి చివరికి వెళ్లినా చెప్పి వెళ్తారండీ."

"చెప్పి పారిపోయేవాళ్లని నా సర్వీసులో ఇంతవరకు చూళ్లేదమ్మా."

ఇక నేను కల్పించుకోక తప్పలేదు. "సరుకు చూడకుండానే ధర కట్టేస్తున్నారు ఇన్‌స్పెక్టర్‌గారూ."

"ఓహో, షావుకారు వేంచేశారా!" నా వైపు కూడా తిరగలేదతను. "ఇది ఇనుము కొట్టు కాదండీ, నేరం జరిగిన చోటు."

"అందుకేగా వచ్చాను. ఇనుము కొట్టయితే మా అల్లుణ్ని పంపేవాణ్ని."

మా ఇద్దరి ఖాతా పాతదే. ముప్ఫై ఏళ్లు ఇనుము అమ్మి, కొట్టు అల్లుడికి అప్పగించి, నేను ఈ పరిశోధనల్లోకి దిగాను. దిగినప్పటి నుంచి మూడుసార్లు అతను పట్టుకున్నవాణ్ని విడిపించి, అసలువాణ్ని అప్పజెప్పాను. మూడుసార్లూ పేపర్లో ఫొటో అతనిదే పడింది. అయినా కోపం తగ్గలేదు. మనిషికి నష్టం కన్నా సాయం ఎక్కువ గుచ్చుకుంటుంది.

అతని లెక్క ఇది. జడ్జిగారు నిన్న సాయంత్రం నుంచి కనపడటం లేదు, ఫోన్ పలకటం లేదు, కారు లేదు. ఆయన దగ్గర ఓ పెద్ద తగాదా తీర్పుకు వచ్చి ఉంది. అందులో ఓ పక్షంవాడు పొద్దున్నే స్టేషనుకొచ్చి, తీర్పు తన వైపు చెప్పడానికి జడ్జిగారు వాటా అడిగారని, అదీ కూతురి పేర రాయమన్నారని ఫిర్యాదు ఇచ్చాడు. బయటపడుతుందని భయపడి పెద్దాయన పరారయ్యాడు. మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ పేపరువాళ్లను పిలిచి ఇదే చెప్పబోతున్నాడు.

ఆ మాట ఒక్కసారి బయటికి వెళ్తే డెబ్బై రెండేళ్ల మనిషి పరువు పోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటుంది. ఆయన్ను ఎవరైనా ఎత్తుకెళ్లి ఉంటే, ఆ క్షణం నుంచి వెతికేవాడు ఒక్కడూ ఉండడు. పారిపోయినవాణ్ని దూరాన వెతుకుతారు. దాచిపెట్టిన మనిషి దగ్గర్లోనే ఉంటాడు.

తగాదా బావకీ, బావమరిదికీ మధ్య. ఇద్దరూ కలిసి పెట్టిన కోల్డ్ స్టోరేజి అది. బావ చేతిలో ఆఫీసు, బావమరిది చేతిలో మెషిన్లు. కిందటేడు పాత ప్లాంటులో గ్యాసు లీకై వాచ్‌మన్ చనిపోయాక ప్లాంటు మూతపడింది. అప్పటి నుంచి వాటాల గొడవ. ఫిర్యాదు ఇచ్చింది బావమరిది. హాలు మూలన ఓ కానిస్టేబుల్ పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు.

బావ కూడా అక్కడే ఉన్నాడు. ఖద్దరు చొక్కా, నెమ్మదైన గొంతు. "ఆ మాట అన్నందుకు వీడి నాలిక కోసెయ్యాలి ఇన్‌స్పెక్టర్‌గారూ. ఏడాదిగా చూస్తున్నాను, ఆయన దేవుడు" అని డాక్టరమ్మ వైపు తిరిగాడు. "రామ్మా, నా కారుంది. వీళ్లు వాదించుకుంటూ ఉంటారు. ఈలోపు మనం నాలుగు చోట్లా చూసొద్దాం."

ఆమె నా వైపు చూసింది. ఇన్‌స్పెక్టర్ ఆమెను కూడా విచారించాలని చూస్తున్నాడు కనుక కాస్త దూరంగా ఉండటమే మంచిదనిపించింది నాకు. తల ఊపాను. తండ్రి బల్ల సొరుగులోంచి తాళాల గుత్తి తీసి నా చేతిలో పెట్టింది.

"బాబాయ్‌గారూ, నాన్న పారిపోలేదు."

"తెలుసు తల్లీ. ఆయన ఎలా ఉంటాడో నేను కొని చూసినవాణ్ని."

ఆమె బావతో కలిసి మెట్లు దిగి వెళ్లింది. నేనన్నది నిజమే. జడ్జిగారి గిరాకీల్లో నేనూ ఒకణ్ని. రిటైరయ్యాక ఆయన పన్నెండేళ్లుగా ఈ మేడ మీద చేస్తున్న పని గురించి నాకు లోపలి నుంచి తెలుసు. ఓసారి మా భాగస్వామికీ నాకూ చెడితే ఇక్కడికే వచ్చాం.

ముందు రాజీ. హాలుకు చెరో పక్కా చిన్నగదులున్నాయి. ఒకరిని ఎడమ గదిలో, ఒకరిని కుడి గదిలో కూర్చోబెట్టి ఆయన మధ్యలో తిరుగుతారు. గదిలోకి ఒక్కరే వచ్చి, తలుపు మూసి, ఎదురుగా కూర్చుని వింటారు. అక్కడ మనం ఏం కక్కినా, మనం సరే అంటే తప్ప గుమ్మం దాటదు. నేను ఆ గదిలో మా ఆవిడకు కూడా చెప్పని సంగతులు చెప్పాను. రాజీ కుదరక, ఇద్దరూ కలిసి 'మీరే తీర్పు చెప్పండి' అంటే మాత్రం ఆయన వేరే మనిషైపోతారు. అది ఆర్బిట్రేషన్. ఇక చిన్నగదులు బంద్. ఒకరు లేకుండా రెండోవారితో ఒక్క ముక్క మాట్లాడరు.

ఈ రెండు పనులూ ఒకే మనిషి చెయ్యకూడదని ఆయన స్నేహితులు మొత్తుకునేవారు. చెవిలో పడ్డ రహస్యాన్ని తీర్పు రాసేటప్పుడు ఎక్కడ పెట్టుకుంటావని. కానీ ఇరుపక్షాలూ నమ్మి అడిగితే ఆయన కాదనలేరు. ఈ కేసులోనూ అంతే జరిగింది.

హాలు పరిశీలించాను. పొడుగాటి బల్ల. కొసన జడ్జిగారి కుర్చీ, ఆ సంగతి ఇన్‌స్పెక్టర్‌కు తట్టి ఉండదు, దాని మీద అతనే ఉన్నాడు. బల్లకు అటూ ఇటూ వరసగా కుర్చీలు, అన్నీ బల్లకు ఆనించి ఉన్నాయి, ఎదురెదురుగా ఉన్న రెండు తప్ప. ఆ రెండూ వెనక్కి జరిగి ఉన్నాయి.

"కుర్చీలు ఎవరైనా కదిపారా?" గుమ్మం దగ్గరున్న స్టెనోను అడిగాను. ఆమె పొద్దున్నే మొదట వచ్చిన మనిషి.

"లేదండీ. నిన్న ఆరింటికి నేను వెళ్లేటప్పుడు అన్నీ సర్దే వెళ్లాను. ఆయన ఇంకా పని ఉందన్నారు. నేను మెట్లు దిగుతుంటే లోపల గొలుసు వేసుకున్న చప్పుడు కూడా విన్నాను."

"పొద్దున?"

"తలుపు ఊరికే దగ్గరగా వేసి ఉంది. లైటు వెలుగుతోంది."

వెళ్లి గొలుసు చూశాను. ఒక్క లింకు కూడా సాగలేదు, గోడలో మేకు కదల్లేదు. అంటే తలుపు పగలగొట్టలేదు. జడ్జిగారే తీశారు.

"ఆ మాట నేనూ చెప్పగలను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "తీశాడు, ఇతన్ని రానిచ్చాడు, వాటా అడిగాడు. ఇతను కాదన్నాడు. ఆయన జారుకున్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"ఇతని నోట ఒక్కసారి వినాలి."

"వినండి, వినండి. ఫ్రీయే."

బావమరిది ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మెషిన్ల మనిషి. వేళ్ల మడతల్లో నూనె నలుపు. రాత్రి నిద్రపోయినట్టు లేదు.

"నిన్న ఎప్పుడొచ్చావు నాయనా?"

"ఆరున్నర దాటింది."

"ఒక్కడివేనా?"

"ఒక్కణ్నే. ఆయనే రమ్మన్నారు. మొన్న అందరూ లేస్తుంటే నా చెవిలో చెప్పారు."

"తలుపు తీసి ఎక్కడ కూర్చోబెట్టారు?"

"చిన్నగదిలో. ఎడమ వైపుది. తలుపు మూసేశారు."

"గదిలో ఏమేం ఉన్నాయి? మర్చిపోయి ఉంటావులే."

"ఎందుకు మర్చిపోతానూ!" అతనికి రోషమొచ్చింది. "కిటికీ పక్కన బులుగు సోఫా. దాంట్లో నేను. ఎదురుగా పేము కుర్చీలో ఆయన. మధ్యలో చిన్న టీపాయ్, దాని మీద నీళ్ల జగ్గు. మూడో వంతు మా అమ్మాయి పేర రాయి, తీర్పు నీ వైపు చెప్తా అన్నారు."

"చూశారా!" ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడ్డాడు. "సోఫా రంగుతో సహా చెప్పాడు. అబద్ధమాడేవాడు ఇంత వివరంగా చెప్తాడా?"

"వివరాలన్నీ నిజమే. మీరు ఆ గది చూశారా?"

"తాళం వేసి ఉంది."

"తాళం వేసిన గది మీద సాక్ష్యం తీసుకున్నారన్నమాట."

అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను గుత్తిలో తాళంచెవి వెతికి, ఎడమ గది తీశాను. తలుపు జానెడు తెరుచుకుని ఆగిపోయింది. భుజంతో తోస్తే ఇంకో జానెడు.

"దయచెయ్యండి ఇన్‌స్పెక్టర్‌గారూ. వెళ్లి సోఫాలో కూర్చోండి."

అతను తల లోపలికి పెట్టి, అలాగే ఉండిపోయాడు. గదిలో పెద్ద గుండ్రటి బల్ల నిలువుగా నిలబెట్టి ఉంది. దాని అంచు సోఫాలోకి దిగబడి ఉంది. మిగిలిన చోటంతా కిటికీ దాకా కుర్చీలు ఒకదాని మీద ఒకటి. అన్నిటి మీదా వేలితో పేరు రాయగలిగినంత దుమ్ము. పిల్లి కూడా దూరదు.

"రాజీ ప్రయత్నాలు జరిగేటప్పుడు హాల్లో ఈ గుండ్రటి బల్ల ఉంటుంది" అన్నాను. "తీర్పు దగ్గరికొస్తే పొడుగు బల్ల వేయించి, దీన్ని ఇందులోకి తోయించి, రెండు గదులకీ తాళం పెడతారు. ఇక చాటుమాటల్లేవని అందరికీ తెలియడానికి. మా కేసులో దీన్ని ఓ పక్క నేనే మోశాను, నడుం పట్టేసింది. ఇతను చెప్పిన గది నిజం, సోఫా నిజం, జగ్గు నిజం. కానీ అది ఆరు నెలల కిందటి గది."

బావమరిది పెదాలు తడుపుకున్నాడు. "అంటే… కుడి గదేమో…"

కుడి గది కూడా తీశాను. అందులో మిగతా కుర్చీలున్నాయి.

"సరే, నేను అసలు రాలేదు" అన్నాడు గొంతు తగ్గించి. "తీర్పు నాకు వ్యతిరేకంగా వస్తుందని తెలిసి కోపంతో అన్నాను. అంతే. రాలేదు."

ఇన్‌స్పెక్టర్ ఒక్క అంగలో వచ్చి అతని కాలరు పట్టుకున్నాడు. తనను వెర్రివాణ్ని చేసినవాడి మీద ఎవరికైనా వచ్చే కోపమే అది. "పోలీసుల్తోనే ఆటలా? ఏం చేశావురా పెద్దాయన్ని?"

"ఆగండి. వచ్చాడు" అన్నాను. "కాకపోతే ఒక్కడే రాలేదు."

"ఇప్పుడేగా రాలేదని రుజువు చేశారు!"

"గదిలో కూర్చోలేదని చేశాను. మా కేసు నడిచేటప్పుడు ఓ ఆదివారం ఆయనకు ఓ బుట్టెడు పళ్లు తీసుకెళ్లానండీ. దురుద్దేశం లేదు, మా తోటవి. గొలుసు వేసిన తలుపు సందులోంచి చూసి, 'మీ భాగస్వామి వచ్చాడా?' అన్నారు. లేదన్నాను. తలుపు వేసేశారు. మంచినీళ్లు అడిగితే కింద కొళాయి ఉందన్నారు. గంటన్నర మెట్ల మీద కూర్చుని, చివరికి నేనే మా భాగస్వామికి ఫోన్ చేసి పిలిపించాను. అతను వచ్చాకే గొలుసు ఊడింది. పళ్లు అతనే తినేశాడు."

స్టెనో నవ్వాపుకోలేక అటు తిరిగింది.

"ఒక్కడు వస్తే ఆయన గొలుసు తియ్యరు. తన అన్నదమ్ముడైనా తియ్యరు. నిన్న తీశారు. వెనక్కి జరిగిన కుర్చీలు రెండు, ఎదురెదురుగా. ఇక లెక్క నేను వేసి చూపించాలా?"

ఇన్‌స్పెక్టర్ కాలరు వదిలేశాడు. అతను మొండివాడే కానీ తెలివితక్కువవాడు కాదు.

"బావా, బావమరిదీ… కలిసి?" అన్నాడు మెల్లగా.

బావమరిది ముఖం చేతుల్లో దాచుకున్నాడు. ఇక ఆనకట్ట తెగినట్టే మాటలొచ్చాయి.

"ప్లాంటులో గ్యాసు సైరన్ ఊరికే మోగుతోందని బావ విసుక్కుంటే తీగ నేనే కోసేశానండీ. గ్యాసు లీకైన రాత్రి అది మోగలేదు. వాచ్‌మన్ నిద్రలోనే… ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. రాజీ కోసం చిన్నగదిలో కూర్చున్నప్పుడు బావ మీద కసికొద్దీ జడ్జిగారికి చెప్పేశాను. ఆయన బయటికి చెప్పరుగా అని. చెప్పలేదు కూడా. కానీ మొన్న మా ఇద్దర్నీ ఎదురుగా పెట్టుకుని, 'చిన్నగదిలో విన్నది నా నోట రాదు. చెప్పినవాడే వెళ్లి పోలీసులకు చెప్పుకోవాలి. లేకపోతే ఈ కేసు వదిలేసుకుంటాను. ఎందుకు వదిలావని ఎవరైనా అడిగితే మాత్రం అబద్ధం ఆడను' అన్నారు."

"దాంతో మీకు రాజీ కుదిరింది."

"అక్క ముఖం చూసి ఒప్పుకున్నానండీ. రెండ్రోజులు ఆయన్ని దాచి ఉంచుదాం, ఈలోపు లంచం మాట పుట్టిస్తే ఆయన తర్వాత ఏం చెప్పినా ఎవరూ నమ్మరు, అప్పుడు వదిలేద్దాం అన్నాడు బావ. నిన్న ఇద్దరం వెళ్తే నవ్వుతూ తలుపు తీశారు. 'కలిసి వచ్చారా, సంతోషం' అన్నారు."

ఏడాది పాటు ఆ మనిషి ఎంత తిరిగినా కలవని చేతులు చివరికి ఆయన్ను మోసుకుపోవడానికి కలిశాయి.

"ఎక్కడున్నారు?"

"నాకు తెలియదు. కింద ఆయన కార్లోనే ఎక్కించేదాకే నేను. ఆ కారు బావే తోలుకెళ్లాడు."

అప్పుడు వెలిగింది నాకు. తండ్రి ఒక్కడే మాయమైతే కూతురు ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. వాటా కూతురి పేర అడిగాడన్న మాట పుట్టాక కూతురు కూడా మాయమైతే, ఇద్దరూ కలిసి పారిపోయారనే లోకం అనుకుంటుంది. ఖాతా అక్కడితో మూత. బావమరిదికి చెప్పిన లెక్క ఒకటి, బావ మనసులో వేసుకున్నది ఇంకొకటి.

ఆ పిల్లను అతని కారెక్కమని తల ఊపింది నేను.

ఫోన్ తీసేలోపే మోగింది. డాక్టరమ్మే. అందరికీ వినపడేలా పెట్టాను.

"బాబాయ్‌గారూ! నాన్న దొరికారు! బతికే ఉన్నారు. పాత ప్లాంటులో…" దగ్గు తెర ముంచుకొచ్చింది. "ఇక్కడ ఎవరో చూశారట అని తీసుకొచ్చాడు. నేను లోపలికి రాగానే షట్టరు దించేశాడు. హ్యాండ్‌బ్యాగ్ లాక్కున్నాడు, ఫోన్ కోటు జేబులో ఉండిపోయింది. ఏదో ఘాటుగా… కళ్లు మండిపోతున్నాయి…"

"మూసేసిన ప్లాంటులో గ్యాసేంటి?" ఇన్‌స్పెక్టర్ అరిచాడు.

"ట్యాంకు ఖాళీ చెయ్యలేదు" అన్నాడు బావమరిది పాలిపోయి. "ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే కదా మా తగువు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫైరింజనుకు ఫోన్ కలుపుతున్నాడు. ప్లాంటు అక్కడికి ఇరవై నిమిషాల దారి.

నేను బావమరిది ముఖమే చూస్తున్నాను. ఎదుటివాడు మనసులో లాభం లెక్కేసుకుంటుంటే నాకు తెలుస్తుంది. అతనేం చెయ్యక్కర్లేదు. కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. సైరన్ సంగతికి సాక్షి మిగలడు. ఇప్పుడు మా ముందు అన్నది రేపు కోర్టులో కాదంటాడు.

అతను ఫోన్ లాక్కున్నాడు.

"అమ్మా, నేను… మెషిన్లు చూసేవాణ్ని. కుడిపక్క కుళాయి ఉంటుంది, కోటు తడిపి చించి ఇద్దరూ ముక్కుకి కట్టుకోండి. వంగి నడవండి, గ్యాసు పైకి పోతుంది. వెనక గోడకి గ్యాసు ఆపే ఎర్రచక్రం ఉంటుంది. బిగిసేదాకా కుడికి తిప్పు."

నీళ్ల చప్పుడు. గుడ్డ చిరిగిన చప్పుడు. ఈడ్చుకుంటున్న అడుగులు.

"చక్రం లేదు! ఒట్టి కడ్డీయే ఉంది."

"బావే గ్యాసు వదిలి, చక్రం విప్పేశాడు" అన్నాడతను. "ఆ పని వాడికి నేర్పింది నేనే."

ఒక్క క్షణం కళ్లు మూసుకుని తెరిచాడు. "అమ్మా, విను. ఎదురుగా మూడో నంబరు గది. సరుకు పెట్టే గది, తలుపుకి చుట్టూ రబ్బరు ఉంటుంది. గ్యాసు దూరదు. నాన్నగారిని తీసుకుని అందులోకి వెళ్లి తలుపు లాగెయ్యి. కానీ… లోపలి గడియ పాడైపోయింది. ఒకసారి మూస్తే బయటి నుంచే తియ్యాలి. ఆ మొరాయించే పిడి నేను తప్ప ఎవరూ తియ్యలేరు. ఫోన్ కూడా పలకదు."

అటునుంచి కాసేపు దగ్గులే.

"నిన్న మా నాన్నను ఎత్తుకెళ్లింది నువ్వు. పొద్దున ఆయన్ని దొంగని చేసింది నువ్వు. ఇప్పుడు నిన్ను నమ్మి, లోపల గడియ లేని గదిలోకి వెళ్లి తలుపేసుకోమంటావా?"

ఇన్‌స్పెక్టర్ నన్ను చూశాడు. నేను బావమరిదినే చూస్తున్నాను, ఏ షావుకారూ హామీ ఉండని మనిషిని.

ఫోన్లో ఇంకో గొంతు వినిపించింది. అరిగిపోయిన గొంతు, తొందర లేని గొంతు.

"మూసెయ్యమ్మా. వస్తాడు."

దడాల్న పడిన తలుపు చప్పుడుతో ఫోన్ మూగబోయింది. నేను తలెత్తేసరికి బావమరిది మెట్ల మీద ఉన్నాడు, రెండేసి మెట్లు దూకుతూ, జీపు తాళాల కోసం ఇన్‌స్పెక్టర్‌ను బండబూతులు తిడుతూ.